హల్ట్ ప్రైజ్‌కి ఎలా సిద్ధం కావాలి: చేపలు ఎండే ఒడ్డు నుంచి పిచ్ వేదిక దాకా

హల్ట్ ప్రైజ్ అంటే కాలేజీ విద్యార్థుల వ్యాపార ఆలోచనలకు జరిగే ప్రపంచ స్థాయి పోటీ. 2014 సెప్టెంబరులో న్యూయార్క్‌లో జరిగిన సభలో అమెరికా మాజీ అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆ ఏటి విజేతను ప్రకటించారు. గెలిచింది నానోహెల్త్, మన హైదరాబాద్‌లోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ విద్యార్థుల టీమ్. బహుమతి 10 లక్షల డాలర్లు. ఆ ఏడాది ఇచ్చిన సవాలు పట్టణాల్లోని బస్తీల్లో షుగరు, బీపీ లాంటి దీర్ఘకాలిక జబ్బుల గురించి. వాళ్లు చెప్పిన పరిష్కారం వింటే చాలా మామూలుగా ఉంటుంది. బస్తీ మనుషులకే శిక్షణ ఇచ్చి, 'సాథీ' అని పేరు పెట్టి, పరీక్షలు చేసే పరికరాలున్న సంచి చేతికిచ్చి ఇంటింటికీ పంపడం.

కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ ఈ కథతోనే మొదలుపెడతాను. కాలేజీలో ఇలాంటి పోటీలకు టీమ్‌లను తయారు చేసే పని కొన్నేళ్లుగా చేస్తున్నాను. మన పిల్లలకు తెలివి తక్కువై ఓడిపోవడం నేను చూడలేదు. స్లైడ్లు ముందు తయారు చేసి, సమస్య ఉన్న మనుషుల దగ్గరికి తర్వాత వెళ్లడం వల్ల ఓడిపోవడం మాత్రం చాలాసార్లు చూశాను. అందుకే ఈ మార్గదర్శిలో సగం పైగా స్టేజీ ఎక్కక ముందు చేయాల్సిన పనే ఉంటుంది.

పోటీ ఎలా నడుస్తుంది

హల్ట్ ప్రైజ్ 2009లో మొదలైంది. హల్ట్ ఇంటర్నేషనల్ బిజినెస్ స్కూల్‌లో చదువుతున్న అహ్మద్ అష్కర్ ఆలోచనకు స్వీడన్ వ్యాపారవేత్త బెర్టిల్ హల్ట్ అండగా నిలిచారు. విద్యార్థులు టీమ్‌గా ఏర్పడి, ఒక సామాజిక సమస్యను తీరుస్తూనే తన ఖర్చు తాను సంపాదించుకునే వ్యాపారాన్ని రూపొందించాలి. విరాళాల మీద నడిచే సేవా కార్యక్రమం ఇక్కడ నిలబడదు. మీ సమస్య ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో కనీసం ఒకదానికి చెందాలి.

మొదట కాలేజీ స్థాయిలో పోటీ, ఆ తర్వాత పై స్థాయి రౌండ్లు, వాటిని దాటిన కొద్ది టీమ్‌లకు యాక్సిలరేటర్ పేరుతో కొన్ని వారాల శిక్షణ, చివరగా గ్లోబల్ ఫైనల్స్. టీమ్‌లో ఎంతమంది ఉండాలి, చదువు పూర్తయినవాళ్లు ఉండొచ్చా, ఆఖరు తేదీ ఎప్పుడు అనేవి ఏటేటా మారుతుంటాయి. ఆ ఏడాది నిబంధనల పేజీని టీమ్ మొత్తం కూర్చుని చదవాలి. ఒకరు చదివి మిగతావాళ్లకు చెప్పడం వద్దు.

గెలిచిన టీమ్‌లను ఒకసారి చూడండి. 2013లో కెనడాలోని మెక్‌గిల్ విద్యార్థులు పురుగులను ఆహారంగా పెంచే ఆలోచనతో గెలిచారు. 2016లో అమెరికాలోని ఎర్ల్‌హామ్ కాలేజీ టీమ్ కెన్యా బస్సుల టికెట్ల ఇబ్బందిని పట్టుకుంది. 2018లో లండన్ యూనివర్సిటీ కాలేజీ టీమ్ వడ్లు ఆరబెట్టుకోలేక రైతులు నష్టపోవడాన్ని తీసుకుంది. 2023లో యేల్ విద్యార్థుల బనోఫీ, అరటి పంట వ్యర్థాలతో తోలు లాంటి సరుకు చేసే ఆలోచనతో గెలిచింది. బస్సు టికెట్, తడిసిన ధాన్యం, నరికి పడేసిన అరటి బోదె. ఇవి మన రావులపాలెం పక్కనో, మిర్యాలగూడ పక్కనో రోజూ కనబడేవే. సమస్య కోసం దూరం పోనక్కర్లేదు.

టీమ్ కట్టడం

ఒకే బెంచీలో కూర్చునే నలుగురు సీఎస్‌ఈ స్నేహితులు కలిసి టీమ్ కడితే ఆలోచన ఏదైనా చివరికి యాప్ అవుతుంది. నేను చూసిన మంచి టీమ్‌లలో మూడు రకాల మనుషులు ఉన్నారు. ముక్కూమొహం తెలియని వాళ్లతో కూర్చుని గంటసేపు మాట్లాడగలిగేవాళ్లు ఒకరు. పైసా పైసా లెక్క రాసేవాళ్లు ఒకరు, బీకాం పిల్లలు దీనికి చాలా పనికొస్తారు. చేత్తో ఏదైనా తయారు చేయగలవాళ్లు ఒకరు. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు కావాలి కదా అంటారు. ఉంటే మంచిదే గానీ దాన్ని చూసి టీమ్ కట్టకండి. ఆ ఊరి మాట అర్థమయ్యేవాళ్లు లేకపోతే మాత్రం పని నడవదు.

మొదటి వారంలోనే ఒక కాగితం మీద రాసుకోండి: ఎవరు వారానికి ఎన్ని గంటలు ఇస్తారు, ప్లేస్‌మెంట్స్ వస్తే ఎవరు తప్పుకుంటారు, బహుమతి వస్తే డబ్బు ఎవరి పేరున ఉంటుంది. మొహమాటంతో దీన్ని వాయిదా వేసి, ఫైనల్స్ ముందు రోజు గొడవపడ్డ పిల్లలను చూశాను.

సమస్య దగ్గరికి వెళ్లడం

ఈ పనికి కనీసం నెల రోజులు కేటాయించండి. దీన్ని ఎలా చేయాలో, ఎలా చేయకూడదో మా టీమ్ అనుభవంతోనే చెబుతాను.

కొన్నేళ్ల కిందట మా పిల్లలు భీమిలి వైపు ఒక మత్స్యకార పల్లెకు వెళ్లారు. అక్కడి ఆడవాళ్లు నెత్తళ్లు, చిన్న రొయ్యలు ఒడ్డున ఇసుక మీదే పరిచి ఎండబెడతారు. ముసురు పడితే సరుకు పోతుంది. ఎండ బాగా ఉన్నా ఇసుక అంటుతుంది, ఈగలు వాలతాయి, కాకులు ఎత్తుకుపోతాయి. సోలార్ డ్రయర్ పెడితే సరిపోతుందని పిల్లలు బస్సులోనే తేల్చేసుకున్నారు. దిగగానే ఒకబ్బాయి అడిగాడు: "అమ్మా, చేపలు ఎండబెట్టే సోలార్ మెషిన్ ఇస్తే వాడతారా?"

"ఇత్తే వద్దంటామా బాబూ?"

ఇరవై మందిని అడిగితే ఇరవై మందీ అదే మాట. నూటికి నూరు శాతం డిమాండ్ అని స్లైడు కూడా తయారైంది. ఆ స్లైడు తీసేయించాను. ఇంటికి వచ్చి మర్యాదగా అడిగిన పిల్లవాడికి మర్యాదగా చెప్పిన జవాబు అది. దాని మీద వ్యాపారం కట్టలేం.

తర్వాతి వారం టీమ్‌లోని ఒకమ్మాయి ఒక్కతే వెళ్లి, ఒక పెద్దావిడ పక్కన కూర్చుని చేపలు ఏరుతూ మాట కలిపింది.

"పెద్దమ్మా, మొన్న మంగళవారం ముసురు పట్టింది కదా, ఆ రోజు చేపలు ఏం చేశారు?"

"ఏటి సేత్తాం అమ్మా, కంపు కొట్టేసినాయి. దాణాకి కొనేవోడికి ఇచ్చేసినాం."

"ఎంతకి?"

"ఆడు ఎంతిత్తే అంతే."

"మరి బాగా ఎండినవి ఎక్కడ అమ్ముతారు?"

"ఎక్కడేటి, సావుకారికే. పండక్కి అప్పిచ్చినాడు గదా. ఇంకోళ్లకి అమ్మితే ఊరుకుంటాడా?"

ఈ మూడు జవాబులతో టీమ్ ఆలోచన మొత్తం మారిపోయింది. డ్రయర్ పెట్టినా బాగా ఎండిన చేప సావుకారు చెప్పిన ధరకే పోతుంది. లాభం ఆయనకు, అదనపు పని ఆమెకు. అసలు ముడి అప్పు దగ్గర ఉంది.

ఆ అమ్మాయి అడిగిన తీరు గమనించండి. జరగబోయేది అడగలేదు, జరిగినది అడిగింది. ఫలానా మంగళవారం అని రోజు పేరు చెప్పి అడిగింది. ఎంతకు, ఎక్కడ అని అడిగింది. తన ఆలోచన గురించి ఒక్క ముక్క చెప్పలేదు. మీరూ మొదటి పది మందితో మాట్లాడేటప్పుడు మీ ఐడియా పేరే ఎత్తకండి. ఫోన్ పక్కన పెట్టండి. వచ్చాక బస్టాండులోనే కూర్చుని, విన్న మాటలు విన్నట్టే నోటు పుస్తకంలో రాసుకోండి. ఇంటికెళ్లి రాద్దామంటే అప్పటికి వాళ్ల మాటలు పోయి మీ మాటలు మిగులుతాయి.

ఒక్క పక్క వాళ్లతో మాట్లాడితే సగం సమస్యే కనబడుతుంది. మా టీమ్ చేపలు ఎండబెట్టే ఆడవాళ్లతో పాటు పడవల యజమానులను, దాణాకి కొనేవాళ్లను, వారపు సంతలో ఎండు చేపల గంప పెట్టుకుని కూర్చునేవాళ్లను, చివరికి ఆ సావుకారును కూడా కలిసింది. సావుకారును దుర్మార్గుడిగా అనుకుని వెళ్లారు. ఆయన మాత్రం వాన పడ్డ వారం ఎవరూ అప్పు కట్టరనీ, రాత్రి పన్నెండింటికి ఆసుపత్రి ఖర్చుకు అడిగినా తానే ఇస్తాననీ చెప్పాడు. ఆ మాటా నిజమే. అందుకే ఆ ఆడవాళ్లు ఆయన్ను వదలరు. దీన్ని పట్టించుకోని పరిష్కారం ఏదీ ఆ ఊళ్లో మూడు నెలలు నిలవదు.

ఇదే సమయంలో ఆ రంగంలో ఇప్పటికే ఏం జరిగిందో తెలుసుకోవాలి. కొచ్చి కేంద్రంగా ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిషరీస్ టెక్నాలజీ చేపల డ్రయర్లను ఎప్పుడో తయారు చేసింది, విశాఖలో దానికి పరిశోధన కేంద్రం కూడా ఉంది. మేం కనిపెట్టాం అని స్టేజీ మీద అనేముందు అక్కడికి వెళ్లి రావాలి. వ్యవసాయ సమస్యలకు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని నార్మ్, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే వ్యవసాయ పరిశోధన సంస్థలు ఉన్నాయి. ముందే ఫోన్ చేసి, విద్యార్థులమని చెప్పి, రెండు మూడు సూటి ప్రశ్నలతో వెళ్తే చాలాచోట్ల శాస్త్రవేత్తలు ఓపిగ్గా మాట్లాడతారు.

ఒక్క బ్యాచ్ లెక్క

కోట్ల మార్కెట్ లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. ముందు ఒక్క డ్రయర్, ఒక్క రోజు, ఒక్క బ్యాచ్ లెక్క తేలాలి. కింది అంకెలు పద్ధతి అర్థం కావడానికి అనుకున్నవి, మీ అంకెలు మీ ఊళ్లో తెచ్చుకోండి.

డ్రయర్ ధర 1,20,000 రూపాయలు, 5 ఏళ్లు పనిచేస్తుంది అనుకుందాం. ఒక బ్యాచ్‌లో 50 కిలోల పచ్చి చేప వేస్తే 15 కిలోల ఎండు చేప వస్తుంది. ఏడాదికి 150 బ్యాచ్‌లు. 365 రోజులూ లెక్క వేయకండి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేటకు నిషేధం ఉంటుంది, తుపాను రోజులు వేరే. ఈ ఒక్క విషయం లెక్కలో కనబడితే చాలు, వీళ్లు ఒడ్డుకు వెళ్లొచ్చారని జడ్జీలకు అర్థమైపోతుంది.

మొదటి దారి, డ్రయర్‌ను అద్దెకివ్వడం. ఎండు చేప కిలోకు 15 రూపాయలు తీసుకుంటే బ్యాచ్‌కు 225, ఏడాదికి 33,750. చూసుకునే మనిషికి బ్యాచ్‌కు 100 చొప్పున 15,000, మరమ్మతులకు 6,000 పోతే మిగిలేది 12,750. పెట్టుబడి తిరిగి రావడానికి తొమ్మిదేళ్లు దాటుతుంది. డ్రయర్ ఐదేళ్లకే పాడవుతుంది. ఈ వ్యాపారం మునుగుతుంది.

రెండో దారి, పచ్చి చేపను మంచి ధరకు కొని, ఎండబెట్టి, శుభ్రంగా ప్యాక్ చేసి పట్నంలో అమ్మడం. కొన్న ధర పోను కిలోకు 80 రూపాయలు వస్తే బ్యాచ్‌కు 1,200. అందులో ప్యాకింగ్, రవాణా కిలోకు 30 చొప్పున 450, మనిషికి 100 పోతే 650. ఏడాదికి 97,500, మరమ్మతులు తీసేస్తే 91,500. పదహారు నెలల్లోపే పెట్టుబడి తిరిగొస్తుంది.

లెక్క బాగుందని సంబరపడేలోపు మా పెద్దావిడ మాట గుర్తు రావాలి. ఆమె చేప మీకు అమ్మాలంటే సావుకారు అప్పు తీరాలి, మీరు అదే రోజు చేతిలో డబ్బు పెట్టాలి. అంటే మీకు కావాల్సిన పెట్టుబడి డ్రయర్‌తో ఆగదు. రోజూ సరుకు కొనే డబ్బు, అవసరానికి కొంత అడ్వాన్సు ఇచ్చే డబ్బు కూడా కలపాలి. ఆ ఊళ్లోని డ్వాక్రా సంఘంతో కలిసి పనిచేసే దారి మా టీమ్‌కి అక్కడే దొరికింది. లెక్కలో ముడి పడ్డ ప్రతిసారీ జవాబు కోసం మళ్లీ ఊరికే వెళ్లాలి.

చిన్నగా చేసి చూడడం

కాలేజీ రౌండుకు ముందే ఏదో ఒకటి చేసి చూపించండి. లక్ష రూపాయల మెషిన్ అక్కర్లేదు. మా వాళ్లు వెదురు బొంగులతో నడుం ఎత్తు మంచె కట్టి, దాని మీద పాత వల పరిచి, పైన పాలిథిన్ కవరు గుడారంలా వేశారు. రెండు పక్కలా గాలి ఆడేలా వదలాలని తర్వాత తెలుసుకున్నారు. ఖర్చు ఐదారు వేలు. మొదటి రోజు పక్కలు పూర్తిగా మూసేయడంతో లోపల చెమ్మ పట్టి చేప మెత్తబడింది. పెద్దావిడ ఒక నెత్తల్లి తీసి రెండు వేళ్లతో వంచి చూసింది. బాగా ఎండింది ఫట్‌మని విరగాలట. ఇది తోలులా వంగింది. ఏమీ అనకుండా గంపలో పడేసింది. ఆ రోజు నుంచి మా పిల్లలకు నాణ్యత పరీక్ష అంటే ఆ ఫట్‌మన్న చప్పుడే.

పది రోజుల పాటు రోజూ రాయండి: ఎన్ని కిలోలు వేశారు, ఎన్ని వచ్చాయి, ఎన్ని గంటలు పట్టింది, ఆకాశం ఎలా ఉంది, ఎంతకు అమ్ముడుపోయింది. ఎవరో ఒకరు నిజంగా డబ్బిచ్చి కొనాలి. మీ మేనత్త కొంటే లెక్కలోకి రాదు. తినే సరుకు కాబట్టి అమ్మకానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్, పెద్ద ఎత్తున అయితే లైసెన్సు కావాలి. ఆ సంగతి మీకు తెలుసని పిచ్‌లో, అంటే జడ్జీల ముందు మీ ఆలోచన వివరించేటప్పుడు, ఒక్క మాట అనండి.

మేలు జరిగిందని ఎలా చెప్పాలి

ఒకే ఒక అంకె పట్టుకోండి. మా టీమ్ పట్టుకున్నది ఒక్కో మహిళ చేతికి నెలకు అదనంగా వచ్చిన డబ్బు. దాన్ని చెప్పాలంటే మీరు మొదలుపెట్టక ముందు ఎంత వచ్చేదో రాసి ఉండాలి. చాలా టీమ్‌లు ఈ ముందు లెక్క రాయడం మర్చిపోతాయి, తర్వాత ఎంత ఏడ్చినా అది దొరకదు. పదిహేను మంది జీవితాల్లో వచ్చిన మార్పును కచ్చితంగా చెప్పడం, లక్షల మందిని చేరుకుంటాం అనడం కంటే బలంగా వినిపిస్తుంది.

పిచ్ తయారు చేయడం

మొదటి డ్రాఫ్టు తెలుగులోనే రాయండి. రాసినదాన్ని ఇంట్లో అమ్మకో, అమ్మమ్మకో చెప్పండి. ఆమె మధ్యలో "అయితే డబ్బెవరిస్తారు?" అని అడిగితే మీ పిచ్‌లో అక్కడ కన్నం ఉందన్న మాట. అది పూడ్చాకే ఇంగ్లిష్‌లోకి మార్చండి. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు స్టేజీ మీద ఇంగ్లిష్ గురించి చాలా టెన్షన్ పడతారు. ఇంగ్లిష్ మాట్లాడని దేశాల నుంచి వచ్చిన టీమ్‌లూ ఈ పోటీ గెలిచాయి, 2015లో తైవాన్ టీమ్, 2019లో మెక్సికో టీమ్. చిన్న వాక్యాలు రాసుకుని, గుక్క తిప్పుకుంటూ, మీకు నోరు తిరిగే మాటలతో చెప్పండి.

వరస ఇలా ఉంటే బాగుంటుంది. ఒక మనిషి, ఒక రోజు, ఒక నష్టంతో మొదలుపెట్టండి. తర్వాత ఆ నష్టం వెనకున్న అసలు కారణం. మీరు చేసి చూసినది, దాని ఫలితం. డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది. టీమ్ ఎవరు. బహుమతి డబ్బుతో మొదటి ఏడాది ఏం చేస్తారు. ఇచ్చిన సమయంలో అర నిమిషం మిగిలేలా సాధన చేయండి. ప్రొజెక్టర్ పనిచేయకపోయినా చెప్పగలిగేలా ఉండండి. కనీసం రెండుసార్లు కరెంటు పోయిందనుకుని స్లైడ్లు లేకుండా చెప్పి చూడండి.

ఇక్కడ ఒక విషయం బాధతోనే చెబుతున్నాను. ఒక రౌండులో మా టీమ్ ఆ పెద్దావిడ ఫొటో తెర మీద వేసి, ఆమె అప్పు ఎంతో, ఎందుకు చేసిందో చెప్పింది. చప్పట్లు మోగాయి. ఆ వీడియో ఎలాగో ఊరికి చేరింది. తన ఇంటి గుట్టు పిల్ల దగ్గర చెప్పుకుంటే ఊరందరికీ చూపించారని ఆమె నెల రోజులు మాతో మాట్లాడలేదు. తప్పు నాది, స్లైడు చూసి నేనే బాగుందన్నాను. అప్పటి నుంచి మా దగ్గర ఒక నియమం ఉంది. ఫొటో కావాలంటే ఎక్కడ చూపిస్తామో చెప్పి అడగాలి. అప్పు, జబ్బు, ఇంటి గొడవ చెప్పాల్సి వస్తే పేరు మార్చాలి, మొహం చూపించకూడదు. పిచ్‌ను ముందుగా వాళ్లకు వినిపించాలి.

ప్రశ్నల సమయం

చాలా పోటీలు ఇక్కడే తేలిపోతాయి. జడ్జీలు తిప్పి తిప్పి అడిగేవి కొన్నే. రేపు పెద్ద కంపెనీ ఇదే చేస్తే? ప్రభుత్వం ఉచితంగా ఇస్తే? బహుమతి రాకపోతే ఆపేస్తారా? పక్క జిల్లాకు వెళ్తే ఏం మారుతుంది? ఒక్కో ప్రశ్నకు ముప్పై సెకన్ల జవాబు సిద్ధం చేసుకోండి, ఏ ప్రశ్నకు ఎవరు లేవాలో ముందే అనుకోండి. తెలియనిది అడిగితే, మేం ఇంకా పరీక్షించలేదు, ఫలానా విధంగా పరీక్షిస్తాం అని చెప్పండి. అప్పటికప్పుడు అంకె కల్పించకండి. తర్వాతి ప్రశ్నకే దొరికిపోతారు.

కంపెనీగా రిజిస్టర్ చేశారా అనీ అడగొచ్చు. లాభాలు పంచుకోవడానికి వీల్లేని సెక్షన్ 8 కంపెనీకి, పెట్టుబడి తీసుకోగల ప్రైవేట్ లిమిటెడ్‌కి తేడా తెలుసుకుని వెళ్తే చాలు. కాలేజీ రౌండుకే రిజిస్ట్రేషన్‌కి డబ్బు పెట్టనక్కర్లేదు.

ఫలితం వచ్చిన మర్నాడు

గెలిచినా, ఓడినా జడ్జీలు అడిగిన ప్రశ్నలన్నీ ఆ రాత్రే రాసుకోండి. అదే ఆలోచనతో ఇంకో చోటికి వెళ్లొచ్చు. ఐఐఎం కలకత్తా, టాటాలు కలిసి నడిపే టాటా సోషల్ ఎంటర్‌ప్రైజ్ ఛాలెంజ్ ఉంది, ఐఐటీ బాంబే విద్యార్థులు నడిపే యురేకా పోటీ ఉంది. కొత్త కంపెనీలకు చేయూతనిచ్చేవి హైదరాబాద్‌లో టీ-హబ్, ట్రిపుల్ ఐటీలోని ఇంక్యుబేటర్ ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా చిన్నగా చేసి చూసినప్పుడు లెక్కలు రాసుకున్న నోటు పుస్తకం తీసుకెళ్లండి.

వీటన్నిటికంటే ముందు ఆ ఊరికి ఒకసారి వెళ్లి రండి. మీతో మాట్లాడిన వాళ్లందరికీ ఫలితం ఏమైందో చెప్పండి, కొనసాగించలేకపోతే ఆ సంగతీ దాచకుండా చెప్పండి. మా టీమ్ ఆ ఏడాది కాలేజీ రౌండు దాటింది గానీ పై రౌండులో ఆగిపోయింది. చెప్పడానికి వెళ్తే పెద్దావిడ వెదురు మంచె కింద కూర్చుని ఉంది. పాలిథిన్ గాలికి చిరిగిపోతే తనే పాత చీర కట్టి వాడుకుంటోంది. పాలిథిన్ కంటే చీరకే గాలి బాగా ఆడుతోందట. మా వాళ్లు నోటు పుస్తకం తీసి ఆ రోజు తేదీ వేసి, చీర అని రాసుకున్నారు.